మిరేలా ఓడినందుకు రవికె గుడ్డ

రాయచూరు,
జూన్, ఆదివారం

కుసుమా,

పొద్దుటి నుంచి నువ్వు చేసిన ఫోన్లన్నీ చూశాను. కావాలనే ఎత్తలేదు. ఇక మీదట కూడా ఎత్తను. చెప్పాల్సింది ఏమైనా ఉంటే కాగితం మీద రాసి, స్టాంపు అంటించి పంపు. ఉత్తరానికి ఒక మంచి గుణం ఉంది. అది ఎంత తొందరపడినా మ్యాచ్ కంటే ముందు రాదు.

నిన్న నువ్వు చేసిన పని నీకు అర్థమైందో లేదో, నేనే చెబుతాను. దుకాణంలో గల్లా పక్కన కూర్చుని, మా మనవరాలు సంజన ట్యాబును చీరల కట్టకు ఆనించి టెన్నిస్ ఫైనల్ చూస్తున్నాను. చెవి దగ్గర ఫోన్‌లో నువ్వు. మూడో సెట్టు చివర. మన మిరేలా సర్వీసు. ఎర్రమట్టి మీద బంతిని తట్టి, నుదుటి చెమట తుడుచుకుంది. బంతి ఇంకా ఎగరేయనైనా లేదు. అంతలో నీ అరుపు. "అయ్యో, పోయిందే అహల్యా, డబుల్ ఫాల్టు కొట్టి పోగొట్టేసిందే" అని. నీ డిష్షు నా ట్యాబు కంటే ముందుందని నాకేం తెలుసు? నా కళ్ల ముందు ఆమె నిక్షేపంగా నిలబడి ఉంది. నా వరకు ఆమె ఇంకా ఓడలేదు. నువ్వు ఓడించావు.

పైగా ఆ కామెంటరీ చెప్పేవాళ్లు. ముప్పయ్యారేళ్లట, కాళ్లు సహకరించడం లేదట, ఇదే ఆఖరి ఫైనల్ కావచ్చునట. అవతల చూయింగ్ గమ్ నములుతూ ఆడే ఆ పందొమ్మిదేళ్ల టెస్సాను మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. మా వాసు కూడా బిల్లు పుస్తకం లోంచి తల ఎత్తకుండా ఒక మాట వేశాడు. "అయిపాయె అమ్మా. ఇజ్జత్ ఉండంగనే ఇడిసిపెట్టాలె." నా కడుపున పుట్టినవాడేనా అనిపించింది. రాత్రి అన్నం ముట్టలేదు. జొన్నరొట్టె మాత్రం తిన్నాను.

నిజం చెప్పు. మూడో సెట్టులో నువ్వు కుడి పక్కనే కూర్చున్నావా? కాలేజీలో టెన్నికాయిట్ జోడీగా ఆడినప్పటి నుంచి ఎడమ పక్క నాది, కుడి పక్క నీది. మిరేలా మ్యాచ్‌లకు కూడా అదే లెక్క. నువ్వు జరిగావేమోనని నాకు గట్టి అనుమానం.

అసలు అవమానం ఇంకా చెప్పలేదు. గెలుపు మీద నమ్మకంతో మొన్ననే బోర్డు రాయించి పెట్టాను. "మిరేలా గెలిచిన సంతోషంలో, చీర కొన్నవారికి రవికె గుడ్డ ఉచితం." పొద్దున మన గుమాస్తా ఉలిగప్ప, పాపం, మ్యాచ్ సంగతి తెలియక దాన్ని తలుపుకు తగిలించేశాడు. నేను వచ్చేసరికి దుకాణం నిండా ఆడవాళ్లు. "ఎవరక్కా మిరేలా, మీ కోడలి చెల్లెలా?" అని ఒకావిడ అడిగింది. ఓడిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. అందరికీ ఇచ్చి పంపాను. అభిమాన క్రీడాకారిణి ఓడిందని ఊరికి రవికె గుడ్డలు పంచినదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

కోపంతో,
అహల్య


కవితాళ దగ్గర, మా క్యాంపు,
జూన్ చివర

అహల్యా,

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ యమనూరప్ప దాన్ని తిప్పి తిప్పి చూసి మరీ ఇచ్చాడు. చేత్తో అడ్రసు రాసిన కవరు మా ఆంధ్ర రైతులు కట్టుకున్న ఈ క్యాంపుకు వచ్చి చాలా ఏళ్లయిందట. ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఒంట్లో కాదు, మా స్నేహితురాలికి ఒళ్లు మండుతోంది అని చెప్పాను.

నేను కుడి పక్కనే కూర్చున్నాను తల్లీ. పాలు పొంగి స్టవ్వు మీదంతా పాకుతున్నా కదల్లేదు. కావాలంటే మా ఆయన్ని అడుగు. "ఎక్కడో ఎవరో బంతి కొడితే మనింట్లో పాలు పొంగాలంటే?" అని ఆ పూటంతా సణిగారు. మా హరిబాబు గారి లెక్కలో టెన్నిస్ అంటే వరి నాట్లకు ఆడవాళ్లు రాకుండా చేసే జబ్బు.

ముందుగా అరిచినందుకు తప్పు నాదే. నోరు జారింది. కానీ ఒకటి నాకు అర్థం కాలేదు. ఉగాదికి మీ వాసు మేడ మీద గోడంత టీవీ పెట్టించాడని నువ్వే చెప్పావు కదా. అదుండగా చీరల మధ్య ట్యాబు పెట్టుకుని మెడ వంచి చూడటం దేనికి?

ఇంకొకటి చెప్తాను, ఉత్తరం చింపెయ్యకు. ఆ టెస్సా బాగా ఆడింది. ఆ పిల్ల ఎడమచేత్తో లాగి కొట్టిన ఒక దెబ్బకు నా చేతులు వాటంతటవే చప్పట్లకు లేచాయి. మధ్యలోనే ఆపి దోమను కొట్టినట్టు నటించాను. మన మిరేలాను చూస్తే బాధేసింది. రెండు మోకాళ్లకూ పట్టీలు. మెట్లు దిగేటప్పుడు కడ్డీ పట్టుకుని దిగింది, గమనించావా? ఆమె కూడా కాస్త ఆలోచించుకుంటే మంచిదేమో.

ఇక్కడ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని అందరం ఎదురుచూస్తున్నాం. నారుమళ్లకు బోరు నీళ్లతో సరిపెడుతున్నాం. ఫోన్ ఎత్తవే.

నీ కుడి పక్క,
కుసుమ


రాయచూరు,
జూలై

శ్రీమతి కుసుమ గారికి,

నమస్కారములు. తమరి లేఖ చేరినది. తమరు టెస్సా గారి ఎడమచేతి దెబ్బకు చప్పట్లు కొట్టబోయిన వార్త చదివి సంతోషించితిని. దోమ కుశలమని తలంచెదను.

మోకాళ్లకు పట్టీలు కట్టుకున్నవాళ్లంతా ఇంట్లో కూర్చోవాలని ఏ చట్టంలోనూ లేదు. నేనూ కట్టుకుంటాను. కడ్డీ పట్టుకుని దిగితే ఏమైంది, కిందికి దిగిందా లేదా అన్నది ముఖ్యం. ముప్పై దాటగానే ఆలోచించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. తమరు కూడా ఆ జాబితాలో చేరతారని అనుకోలేదు.

టీవీ బాగానే ఉన్నది. దాని మీద గుడ్డ కప్పి ఉంచాము.

ఇట్లు,
అహల్య,
వస్త్ర వ్యాపారి (ప్రస్తుతానికి)


క్యాంపు,
జూలై చివర

ఏమే వస్త్ర వ్యాపారీ,

నీ ఉత్తరం చదివి మొదట పడీ పడీ నవ్వాను. తర్వాత సంతకం దగ్గర ఆగిపోయాను. ప్రస్తుతానికి అంటే ఏమిటి?

నీ రెండు ఉత్తరాలూ మళ్లీ తీసి చదివాను. వాటిలో ఫలానా చీర బాగుందన్న ఊసే లేదు. నువ్వు ఇల్కల్ చీరల గురించి ఒక మాట, కొత్తగా వచ్చిన రంగుల గురించి రెండు మాటలు లేకుండా నాతో ఎప్పుడు మాట్లాడావు? మా పెద్దాడి పెళ్లి మంటపంలో కూడా పెళ్లికూతురి పైట ముట్టుకుని జరీ చూసిన మనిషివి. అలాంటిదానివి కోపంగా అంత పొడుగు ఉత్తరం రాసి, అందులో గల్లా, బిల్లు పుస్తకం, వాసు మాట మాత్రం చెప్పి ఊరుకున్నావు. ఆ పెద్ద టీవీ మీద గుడ్డ కప్పావు.

అహల్యా, నువ్వు రాస్తున్నది మిరేలా గురించి కాదనిపిస్తోంది. నా అనుమానం తప్పయితే ఇంకో ఉత్తరంలో నన్ను గారూ అని పిలుచుకో, పడతాను. నిజమైతే మాత్రం దాచకు. నాకు నీ మీద బెంగగా ఉంది.

నిన్న కాలువకు నీళ్లొచ్చాయి. మా ఆయన గట్టు మీద నిలబడి, మనవడు పుట్టినంత సంబరంగా అందరికీ ఫోన్లు చేశారు. నీకూ చేశారట. ఆయన ఫోన్ కూడా ఎత్తలేదట. ఆయనేం పాపం చేశారు?

కుసుమ


రాయచూరు,
ఆగస్టు

కుసుమా,

నువ్వు పక్కన ఉన్నా దూరంగా ఉన్నా నాకు దాపరికం సాగదు.

వాసు దుకాణం మార్చేస్తున్నాడు. దసరాకు కొత్త షోరూము. అద్దాల తలుపులు, తెల్లటి నేల, నిలబడి చూసుకునే బల్లలు, బిల్లు కొట్టే కంప్యూటరు. మన పాత గాదీ ఉంది కదా, నేల మీద పరుపులు వేసి తెల్ల దుప్పటి పరిచి జనాన్ని కూర్చోబెట్టేది, అది తీసేస్తున్నాడు. మా ఆయన చనిపోయిన నెలలో నేను మొదటిసారి దాని మీద కూర్చున్నప్పుడు ఆడమనిషి గల్లా దగ్గరేమిటని బజారంతా గుసగుసలాడింది. ఆ గాదీ మీదే కూర్చుని వాణ్ణి చదివించాను, పెళ్లి చేశాను. కొత్త నక్షాలో నా జాగా ఎక్కడరా అంటే వాడు ఏమన్నాడో తెలుసా?

"ఇంట్ల పెద్ద టీవీ ఎందుకు పెట్టించిన అమ్మా? ఆరామ్‌గ కూసోని మిరేలాను జూసుకో. గిన్నేండ్లు చేసినవ్ గద, ఇంగ సాలు."

అందుకే ఆ టీవీ వెయ్యను. దాని ముందు కూర్చుంటే నేను ఒప్పుకున్నట్టే. ట్యాబులో ఆలస్యంగా చూసినా సరే, దుకాణంలోనే చూస్తాను.

వాడు చెడ్డవాడు కాదు. అదే నా కష్టం. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును. నాకు గాదీ మీద నుంచి లేవాలంటే ఉలిగప్ప భుజం పట్టుకోవాలి. మొన్న లేవబోయి మళ్లీ కూలబడ్డాను. వాసు పరిగెత్తుకొచ్చి లేపాడు. వాడికి భయమేసింది. నాకూ వేసింది. కానీ ఇంట్లో కూర్చుంటే నేను ఎవరిని? పొద్దున లేచి ఎక్కడికి పోవాలి?

నిన్న మిరేలా మళ్లీ ఓడింది. మొదటి రౌండులోనే. ఎవరూ కేక పెట్టలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. ట్యాబు మూసి లెక్క చూసుకున్నాను. నువ్వు చెప్పు, మానెయ్యమంటావా?

అహల్య


క్యాంపు,
సెప్టెంబరు

అహల్యా,

నాట్లు అయిపోయాయి. ఇప్పుడు నడుం వాల్చి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో.

నీకు వార్త తెలిసిందా? మిరేలా ఇక సింగిల్స్ తగ్గించుకుంటుందట. డబుల్స్ ఆడుతుందట. ఎవరితోనో తెలుసా? ఆ టెస్సాతో. నువ్వు ఇప్పుడు కాగితం నలిపేస్తున్నావని తెలుసు. సాపు చేసి మిగతాది చదువు.

మన కాలేజీ ఆట గుర్తు తెచ్చుకో. కోర్టంతా నువ్వే పరిగెత్తేదానివి. నా మీదికి వచ్చే రింగు కూడా నువ్వే పట్టేదానివి. ఒకసారి నాకు ఒళ్లు మండి, జనం ముందే "నా పక్క నాకొదిలెయ్యవే తల్లీ" అని అరిచాను. నువ్వు మూతి ముడుచుకుని నీ పక్కకు పోయావు. ఆ తర్వాతే మనం గెలవడం మొదలైంది. ఎందుకంటే నీ పక్కకు వచ్చిన రింగు ఒక్కటి కూడా నేల తాకనిచ్చేదానివి కాదు.

నేను మానెయ్యమని చెప్పను. మానొద్దని కూడా చెప్పను. వాసుకు వాడి పక్క వదిలెయ్. అద్దాలు పెట్టుకుంటాడో, కంప్యూటరు పెట్టుకుంటాడో, వాడిష్టం. ఆ పక్క తప్పులు జరిగినా చెయ్యి చాపకు. నీ పక్క మాత్రం వదలకు. అది ఏదో నువ్వే తేల్చుకోవాలి. చీరల సంగతి నాకేం తెలుసు, నాకు వరి తెలుసు.

మోకాళ్ల గురించి మాత్రం వాడి భయం నిజమే. నేల మీద నుంచి లేవడం నావల్లా కావడం లేదు. మా ఆయన చెయ్యిచ్చి లేపుతూ "గేదె లేచినట్టు లేస్తున్నావ్" అంటారు. ఆయన్ని లేపేది నేనేనన్న సంగతి మరిచిపోయి.

నీ కుసుమ


రాయచూరు,
అక్టోబరు, దసరా అయ్యాక

కుసుమా,

ఈ ఉత్తరం కూర్చుని నింపాదిగా చదువు. ముందు నీళ్లు తాగు.

విజయదశమికి షోరూము తెరిచాం. అద్దాలు తళతళలాడాయి. నేల తెల్లగా మెరిసింది, వాసు దగ్గరుండి మూడుసార్లు తుడిపించాడు. నీ మాట ప్రకారం నేను నోరు మెదపలేదు. ఒక మూల కుర్చీలో చుట్టంలాగా కూర్చున్నాను.

మర్నాడు మస్కి వైపు నుంచి పెళ్లివాళ్లు జవళికి వచ్చారు. నీకు తెలుసు కదా, జవళి అంటే ఒకరిద్దరు రారు, పెళ్లివాళ్లందరికీ బట్టలు తీయాలి కాబట్టి అవ్వ దగ్గర నుంచి చంటిపిల్ల దాకా ఇంటిల్లిపాదీ దిగుతారు. పెద్దదిక్కు యంకమ్మ. నా దగ్గర ఆమె కూతుళ్ల పెళ్లిళ్లకు కొంది, ఇప్పుడు మనవరాలి పెళ్లి. అంతా తలుపు దగ్గరే ఆగిపోయారు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు, ఆ నేల మీద కాలు పెట్టడానికి మాత్రం జంకారు. కొత్తగా పెట్టిన పిల్లలు "రండి, రండి, ఇక్కడ నిలబడి చూడండి" అంటున్నారు. యంకమ్మ లోపలికి తొంగిచూసి, నన్ను గుర్తుపట్టి ఒకటే అడిగింది. "కుంద్రాక జాగ ఎల్లైతి అక్కా?" కూర్చోవడానికి చోటెక్కడ అని. ఆ తర్వాత అందరూ బయట మెట్ల మీద కూర్చున్నారు. వెనక్కి పోయే ఆలోచనలో ఉన్నారని నాకు తెలిసిపోయింది.

పెళ్లి చీర ఎవరూ నిలబడి కొనరు కుసుమా. పరిచి, ఒడిలో వేసుకుని, అవ్వకు చూపించి, టీ తాగి, ఒకసారి పోట్లాడుకుని, మళ్లీ మొదటి చీరకే వచ్చి కొంటారు. ఈ సంగతి వాసు మరిచిపోయాడు. వాడు పుట్టి పెరిగింది ఆ గాదీ మీదే.

నేను లేచాను. కడ్డీ పట్టుకునే లేచాను. గోదాం నుంచి ఉలిగప్పతో పాత పరుపులు, తెల్ల దుప్పటి తెప్పించి ఎడమ పక్కన పరిపించాను. కింద కూర్చోలేను కాబట్టి చీరల పెట్టె మీద కూర్చున్నాను. వాళ్లంతా లోపలికొచ్చి కూర్చున్నారు. పిల్లలు దొర్లారు. వాళ్లు పోయేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఎంత కొన్నారని అడక్కు, ఉలిగప్ప ఇంకా చీరలు మడతపెడుతూనే ఉన్నాడు.

వాసు చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత నా పక్కన పెట్టె మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఎడమ దిక్కు నువ్వే జూసుకో. జవళి వచ్చినోళ్లు నీ దిక్కు, గీ కాలం పోరగాండ్లు నా దిక్కు. కాని నేల మీద వద్దు. నువ్వు పడితే నాకు పాణం పోయినట్లయితది. వడ్రంగి ఆయనతోని మోకాలంత ఎత్తు తఖ్తు చేయిపిస్త, గాదీ దాని మీద వేద్దం."

ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కొత్త చీర చెంగుతో కళ్లు తుడుచుకున్నాను. వాడు చూసి "అమ్మా, అది అమ్మే చీర" అన్నాడు.

తఖ్తు, అదే ఆ చెక్క అరుగు, వచ్చింది. ఎవరి భుజమూ పట్టుకోకుండా లేస్తున్నాను. దుకాణం పని అయ్యాక మేడ మీద టీవీ కూడా వేస్తున్నాను. దాని మీద నాకిప్పుడు కోపం లేదు. వచ్చే నెల మిరేలా, ఆ చూయింగ్ గమ్ పిల్ల డబుల్స్ ఫైనల్‌కు వస్తే ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. నువ్వు కుడి పక్కన కూర్చోవాలి, బంతి పడక ముందు అరవకూడదు.

నీ ఎడమ పక్క,
అహల్య


రాయచూరు,
నవంబరు

కుసుమా,

నిన్న ఫోన్‌లో చెప్పనిది ఒకటుంది. ఫోన్‌లో చెబితే నవ్వుతావని కాగితం మీద పెడుతున్నాను.

ఈసారి నువ్వు కోత మిషను దగ్గర, కళ్లంలో, మీ ఆయన మొబైల్లో చూస్తున్నావు. నేను గోడంత టీవీ ముందు. టై బ్రేక్ మొదలైన కాసేపటికే నాకు తెలిసిపోయింది, ఈసారి నా బొమ్మ నీ బొమ్మ కంటే ముందుందని. ఆఖరి బంతికి మిరేలా నెట్ దగ్గరికి దూకింది. బంతి నెట్ అంచుకు తగిలి మన వైపే పడింది. అయిపోయింది. టెస్సా వచ్చి ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ నవ్వారు.

అప్పుడే ఫోన్‌లో నువ్వు. "ఇదిగో అహల్యా, ఇప్పుడు చూడు, టెస్సా సర్వీసు చేస్తోంది, ఇది మనదే." నీ గొంతులో ఎంత ఆశ. వెనకాల మీ ఆయన కూడా "కొట్టమ్మా కొట్టు" అంటున్నారు, ఈ మనిషికి టెన్నిస్ ఎప్పుడొచ్చింది?

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నీ దగ్గర ఆమె ఇంకా ఓడలేదు. ఆ కాసేపు నీది నీకు ఉండనీ అనుకున్నాను. అమ్మ నోరు మూసుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటమని వాసు ఇంట్లో అందరికీ చెబుతున్నాడు.

ఓడినందుకు బాధ ఉంది. కానీ ఈసారి అన్నం తిన్నాను.

అహల్య


క్యాంపు,
నవంబరు చివర

అహల్యా,

కోతలు అయ్యాయి. ఒళ్లంతా వడ్ల దురద. గోక్కుంటూ రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. నేనూ నీకు ఫోన్‌లో చెప్పనిది ఒకటుంది. నాకు అప్పుడే తెలిసిపోయింది. మిరేలా గెలిచి ఉంటే నువ్వు అంతసేపు ఊరుకునేదానివా? రాయచూరు కోట గోడలు అదిరేవి. మా మొబైల్లో టెస్సా ఇంకా బంతి ఎగరేయక ముందే నీ వైపు నుంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఓడిపోయిందని అర్థమైంది. నా కోసం నువ్వు నోరు కట్టుకున్నావని కూడా అర్థమైంది. అందుకే నేనూ తెలియనట్టే, ఇది మనదే, ఇది మనదే అని అరుస్తూ ఉన్నాను. నా అరుపు చూసి మా ఆయన నిజంగానే నమ్మి, బంతి నెట్‌కు తగిలాక చాలాసేపు దిగాలుగా కూర్చున్నారు.

వచ్చే వారం వస్తున్నాను. గాదీ మీద కుడి పక్క నాకు చోటు ఉంచు. ఇంకొక సంగతి, మీ దుకాణంలో మిరేలా ఓడినప్పుడల్లా రవికె గుడ్డ ఇస్తారని విన్నాను. ఈసారి నాకు ఆకుపచ్చది తీసి పెట్టు.

కుసుమ